మంచు సముద్రంలో స్టెర్న్ ట్యూబ్ బేరింగ్: అలారం మోగకముందే పట్టుకోవాల్సినవి

కవిటి, సోంపేట, కంచిలి వైపు ఊళ్లలో మర్చంట్ నేవీలో పనిచేసే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. సింగపూర్, గల్ఫ్ రూట్లలో పని నేర్చుకుని, ఏ జనవరిలోనో బాల్టిక్‌కో, కెనడాలోని సెయింట్ లారెన్స్‌కో వెళ్లే ఓడ ఎక్కుతారు. ఇంజిన్ రూమ్ అదే, వాచ్ (డ్యూటీ షిఫ్ట్) అదే, మారేది బయటి నీళ్లు. మన బారువ సముద్రం చలికాలంలో కూడా దాదాపు 25 డిగ్రీలు ఉంటుంది. ఆర్కిటిక్ వైపు ఉప్పునీరు మైనస్ 1.8 దగ్గర గడ్డకడుతుంది. బాల్టిక్‌లో ఉప్పు తక్కువ, అక్కడ సున్నాకి కాస్త కిందికి దిగితే చాలు. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఓడ వెనక నుంచి బయటికి వెళ్లే గొట్టమే స్టెర్న్ ట్యూబ్. అందులో షాఫ్ట్‌ని మోసే బేరింగ్ ఆ నీళ్లకి ఆనుకునే ఉంటుంది. అలాంటి ఓడలో మొదటిసారి వాచ్ చేయబోయే తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను.

లక్షణం: అలారం లేదు, కానీ బేరింగ్ టెంపరేచర్ మెల్లగా ఎక్కుతోంది

అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే, ఎందుకంటే ఎవరూ పట్టించుకోరు. చాలా ఓడల్లో స్టెర్న్ ట్యూబ్ బేరింగ్ అలారం 60 లేదా 65 డిగ్రీల దగ్గర పెట్టి ఉంటుంది. వేడి సముద్రాలకి అది సరిపోతుంది. ఒక లెక్క చూడండి. సింగపూర్ దగ్గర నీళ్లు 29, బేరింగ్ 46 అనుకుందాం. తేడా 17. అదే ఓడ మంచులోకి వచ్చింది, నీళ్లు 1 డిగ్రీ, బేరింగ్ 36 చూపిస్తోంది. వాచ్‌లో ఉన్నవాడు 36 చూసి నిశ్చింతగా ఉంటాడు. కానీ తేడా 35 అయింది. ఇదే తేడా సింగపూర్‌లో వచ్చి ఉంటే మీటర్ 64 చూపించేది, ఈపాటికి చీఫ్ ఇంజినీర్ కిందికి దిగి వచ్చేవారు. బేరింగ్ లోపల పుట్టే వేడిని చన్నీళ్లు కప్పిపెడుతున్నాయన్నమాట.

అందుకే మంచులో అలారాన్ని నమ్ముకోకూడదు. బేరింగ్ టెంపరేచర్ పక్కనే సముద్రపు టెంపరేచర్ కూడా రాసి, రెండింటి తేడాని వాచ్ వాచ్‌కీ చూడాలి. చల్లటి నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి రాపిడి ఎక్కువై, తేడా మామూలుగానే కొంత పెరుగుతుంది. ఎంతవరకు మామూలో తెలియాలంటే, చన్నీళ్లలోకి వచ్చాక ఓడ నిలకడ వేగంలో ఉన్నప్పుడు ఒక రీడింగ్ తీసి దాన్నే కొత్త ఆధారంగా పెట్టుకోండి. ఆ పైన వేగం మారకుండా, చుక్కాని తిప్పకుండా తేడా పెరుగుతుంటే అనుమానించాల్సిందే.

కారణాలు మూడు రకాలు. మొదటిది చుక్కాని. ఐస్‌బ్రేకర్ (మంచు పగలగొట్టే ఓడ) వెనక దారి పట్టుకుని వెళ్లేటప్పుడు బ్రిడ్జ్ (పైన ఓడ నడిపే గది) వాళ్లు మాటిమాటికీ గట్టిగా తిప్పుతారు. వేగం మీద అలా తిప్పినప్పుడు ప్రొపెల్లర్ మీద నీళ్ల ఒత్తిడి ఒక పక్కకి మారి, షాఫ్ట్ బేరింగ్ వెనక అంచు మీద ఆనుతుంది. బరువంతా కొద్దిపాటి మేర మీదే పడేసరికి అక్కడ నూనె పొర చిరుగుతుంది. రెండోది, మంచుగడ్డ తగిలి రెక్క వంగడం. మూడోది, నూనెలో నీళ్లు చేరడం.

ముందు బ్రిడ్జ్‌కి ఫోన్ చేసి చుక్కాని కోణం తగ్గించమనండి. వేగం మెట్లు మెట్లుగా తగ్గించండి. నూనెని తిప్పే పంపు ఉంటే స్టాండ్‌బై కూడా సిద్ధం చేసి, ఒక శాంపిల్ తీయండి. కంగారులో ఇంజిన్ ఒక్కసారిగా ఆపేయకండి. వేడెక్కి మెత్తబడిన వైట్ మెటల్ (బేరింగ్ లోపలి మెత్తటి లోహపు పూత) మీద షాఫ్ట్ ఆగితే పట్టేసే ప్రమాదం ఉంది. పైగా మంచు మధ్యలో ప్రొపెల్లర్ తిరగకుండా ఉంటే గడ్డలన్నీ ఒకే రెక్కకి తగిలి దాన్ని వంచేస్తాయి.

లక్షణం: లంగరు దగ్గర ఆగాక మళ్లీ తిప్పబోతే షాఫ్ట్ బరువుగా ఉంది, టర్నింగ్ గేర్ (షాఫ్ట్‌ని మెల్లగా తిప్పే మోటారు) ఆంపియర్లు ఎక్కువ

ఇది చలికి నూనె చిక్కబడటం వల్ల. 40 డిగ్రీల దగ్గర 100 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉండే మామూలు మినరల్ నూనె సున్నా దగ్గర వెయ్యి దాటిపోతుంది. పుష్యమాసం పొద్దున్నే సీసాలో కొబ్బరినూనె పేరుకున్నప్పుడు ఎంత సతాయిస్తుందో మన ఉద్దానం వాళ్లకి చెప్పక్కర్లేదు. నూనె ట్యాంకుకి హీటర్ ఉంటే ముందే వేయండి. టర్నింగ్ గేర్ మీద చాలాసేపు తిప్పాకే ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఆ తర్వాత కూడా మరీ తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువసేపు ఉంచకండి, ఆ వేగానికి నూనె పొర పూర్తిగా నిలబడదు. బ్యార్డ్ రేంజ్‌ని (షాఫ్ట్ బాగా అదిరే ఆర్‌పీఎంల మేర) మాత్రం ఆగకుండా దాటేయాలి.

స్టెర్న్ ట్యూబ్ చుట్టూ ట్యాంకులో ఉండే నీళ్లు గడ్డకడతాయేమోనని ఆ ట్యాంకు ఖాళీ చేసేవాళ్లున్నారు. అది తప్పు. ట్యూబ్ వేడిని లాగేది ఆ నీళ్లే. గడ్డకట్టకుండా హీటింగ్ కాయిలో, గాలి బుడగల ఏర్పాటో వాడాలి తప్ప ఖాళీ చేయకూడదు.

లక్షణం: హెడర్ ట్యాంకులో (స్టెర్న్ ట్యూబ్‌కి పైనుంచి నూనె ఒత్తిడి ఇచ్చే ట్యాంకు) నూనె మట్టం మారుతోంది

చన్నీళ్లలోకి వచ్చిన మొదటి రోజు మట్టం దిగగానే లీకేజీ అని టెన్షన్ పడొద్దు. చల్లబడితే నూనె కుంచించుకుపోతుంది. వెయ్యి లీటర్ల నూనె 25 డిగ్రీలు చల్లబడితే సుమారు 17 లీటర్లు తగ్గుతుంది. గేజ్ గ్లాస్ మీద మార్కర్‌తో గీత పెట్టి, టైమూ నీళ్ల టెంపరేచరూ పక్కనే రాయండి. టెంపరేచర్ నిలకడగా ఉన్నా గీత కిందికి దిగుతూనే ఉంటే అది నిజమైన లీకేజీ.

ఇంజిన్ రూమ్ వైపు సీల్ దగ్గర తడి లేదంటే నూనె బయటికే పోతోంది. చలికి సీల్ రబ్బరు బిగుసుకుపోయి, షాఫ్ట్ అదిరినప్పుడు దానితో కలిసి కదలలేదు. ఓడ తేలిగ్గా ఉన్నప్పుడు కింది హెడర్ ట్యాంకుకి మార్చి ఒత్తిడి తగ్గించండి. గాలి సీల్ ఉన్న ఓడలో గాలి ప్రెషర్ సరిచూడండి. చీఫ్‌కి వెంటనే చెప్పాలి, దాచకూడదు. 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న పోలార్ కోడ్ (ధ్రువ సముద్రాల్లో ఓడలకి అంతర్జాతీయ నిబంధనలు) ప్రకారం ఆర్కిటిక్ నీళ్లలోకి నూనె వదలడం నిషేధం.

మట్టం పెరుగుతూ నూనె పాలలా తెల్లబడితే నీళ్లు లోపలికి వస్తున్నట్టే. అడుగున చేరిన నీళ్లు తీసేసి, కొత్త నూనె పట్టించి, సీల్ బయట ఒత్తిడికీ నూనె ఒత్తిడికీ తేడా చూసుకోండి.

లక్షణం: వెనక నుంచి ధబధబమని చప్పుడు

చప్పుడు క్రమం లేకుండా వస్తే గడ్డలు తగులుతున్నాయి. ట్రిమ్ (ఓడ ముందుకీ వెనక్కీ వాలు) మార్చి ప్రొపెల్లర్‌ని వీలైనంత లోతులో ఉంచమని అడగండి, వెనక్కి వెళ్లేటప్పుడు చుక్కాని మధ్యలో ఉండేలా చూడమనండి. గడ్డలు లేని నీళ్లలోకి వచ్చాక కూడా చప్పుడు లెక్కగా వస్తుంటే గడియారం పెట్టి లెక్కపెట్టండి. 90 ఆర్‌పీఎంలో నిమిషానికి 90 సార్లు వస్తే ఒక రెక్క దెబ్బతిందని అనుమానించాలి. ఇక మిగిలిన దారంతా వేగం తగ్గించి వెళ్లడమే, రిపేరు డైవర్ చూశాకే.

లక్షణం: నీళ్లతో నడిచే బేరింగ్‌కి ఫ్లో తగ్గింది

నూనె బదులు సముద్రపు నీళ్లే వాడే బేరింగ్ ఇది. సీ చెస్ట్‌లో (ఓడ అడుగున సముద్రపు నీళ్లు తీసుకునే గూడు) మంచు బురద పేరుకుని స్ట్రెయినర్ మూసుకుపోతుంది. ఇంజిన్ చల్లార్చి వచ్చిన వేడి నీళ్లని సీ చెస్ట్‌లోకి మళ్లించే లైన్ తెరవండి, లోతులో ఉన్న సీ చెస్ట్‌కి మార్చండి. తక్కువ వేగంలో బేరింగ్ కీచుమంటే ఫ్లో చాలట్లేదేమో చూడండి.

ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్‌లో ఆయిల్ రింగ్ తిరుగుతోందో లేదో టార్చ్ వేసి చూడండి. చిక్కటి నూనెలో అది ఆగిపోతుంది. కూలింగ్ నీళ్లు కాస్త తగ్గిస్తే కదులుతుంది.

మంచు దాటాక నూనె ఫిల్టర్ విప్పండి. అందులో మెరిసే పొడి ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఉక్కు. అంటుకోకపోతే వైట్ మెటల్ అయ్యే అవకాశం ఎక్కువ, అందులో ఉండేది ప్రధానంగా తగరం. అలాంటప్పుడు ల్యాబ్‌కి పంపే శాంపిల్‌లో తగరం, సోడియం రెండూ అడగండి. తగరం బేరింగ్ అరుగుదలని చెబుతుంది, సోడియం ఉప్పునీళ్లని పట్టిస్తుంది. ఆ రిపోర్టునీ మంచులో రాసిన టెంపరేచర్ తేడాల పేజీనీ కలిపి, డ్రై డాక్‌లో వేర్‌డౌన్ (బేరింగ్ అరిగి షాఫ్ట్ ఎంత కిందికి దిగిందో) కొలిచేవాళ్లకి ఇవ్వమని హ్యాండోవర్ నోట్‌లో రాయండి.