అన్నం తిన్న తర్వాతి గంటకు ఒక కథ, ఒక పెన్ను

ఈటింగ్ డిజార్డర్ (బరువు మీద భయంతో తిండి మానేయడం, తిన్నది వాంతి చేసుకోవడం లాంటి మానసిక జబ్బు) నుంచి కోలుకుంటున్న పిల్లలకు కంచం ముందు కూర్చోవడం కష్టం. కంచం తీసేశాక వచ్చే గంట ఇంకా కష్టం. కడుపు నిండుగా అనిపిస్తుంది, ఏదో తప్పు చేశామన్న దిగులు ముసురుకుంటుంది. వాంతి చేసుకోవడానికి కాళ్ళు బాత్రూం వైపు లాగుతాయి, లేదంటే తిన్నదంతా అరిగేదాకా మేడమెట్లు ఎక్కి దిగాలనిపిస్తుంది. ఇంట్లో పుస్తకం మొదట అక్కరకొచ్చేది ఆ గంటలోనే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. చదవడం, రాయడం వైద్యానికి తోడు మాత్రమే. వేళకు తిండి, సైకియాట్రిస్టు, డైటీషియన్, డాక్టరు చెప్పిన రక్తపరీక్షలు, ఇవన్నీ ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. కళ్ళు తిరిగి పడిపోవడం, గుండెదడ, వాంతిలో రక్తం, నీళ్ళు కూడా ముట్టకపోవడం, చచ్చిపోతానన్న మాట: ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పదేపదే వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు, అప్పుడు కూడా మనిషి పైకి మామూలుగానే కనిపించవచ్చు. సన్నగా లేరు కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ఎవర్ని అడగాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఏ పుస్తకం

చాలామంది చేసే మొదటి పొరపాటు ఇక్కడే. పిల్లకు అనోరెక్సియా (లావవుతామన్న భయంతో తిండి తగ్గించేసే జబ్బు) అని తెలియగానే అనోరెక్సియా మీద వచ్చిన నవల కొనిస్తారు. తనలాంటి అమ్మాయి కోలుకున్న కథ చదివితే ధైర్యం వస్తుందని ఆశ. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, బ్రిటన్‌లోని బీట్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి చేసిన సర్వే 2018లో అచ్చయింది. అందులో 885 మంది జవాబిచ్చారు. ఈ జబ్బు గురించిన కథలు చదివితే మనసు, ఒంటి మీద అభిప్రాయం, తిండి అలవాట్లు దిగజారాయని చెప్పినవాళ్ళే ఎక్కువ. తమకిష్టమైన వేరే కథలు మాత్రం మేలు చేశాయన్నారు, కనీసం చెడు చేయలేదన్నారు. జబ్బును పెంచుకోవడానికే అలాంటి పుస్తకాలు వెతికి చదివామని ఒప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇదంతా వాళ్ళు స్వయంగా చెప్పుకున్నదే, ప్రయోగం చేసి తేల్చింది కాదు. అయినా ఎందుకలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ముగింపు గుర్తుపెట్టుకుంటారు, జబ్బుతో ఉన్న పిల్ల మధ్యలోని బరువు అంకెలు, దాచిపెట్టే ఉపాయాలు గుర్తుపెట్టుకుంటుంది.

అందుకని పుస్తకం ముందు మీరు చదవండి. బరువు, కేలరీలు, నడుం కొలతలు ఉంటే పక్కన పెట్టేయండి. లావుగా ఉన్న పాత్ర ప్రతిసారీ నవ్వులపాలవుతున్నా, హీరోయిన్ సన్నబడ్డాకే సుఖపడినా అంతే. వారపత్రికలో సీరియల్ బాగుండవచ్చు, దాని ఎదుటి పేజీలోనే 'పొట్ట తగ్గాలంటే' అని ఉంటుంది. సీరియల్ పేజీలు కత్తిరించి ఇవ్వండి. జానపద కథలు, హాస్యం, డిటెక్టివ్ కథలు, ప్రయాణాలు, చిన్నప్పుడు పదిసార్లు చదివిన బొమ్మల పుస్తకం, ఏదైనా సరే. వయసుకు తగ్గది కాదేమోనన్న బెంగ వద్దు. తిండి చాలని మెదడుకు ఏకాగ్రత నిలవదు, రెండు మూడు పేజీలే ఎక్కువ.

వంట పుస్తకాలు, వంట వీడియోలు చూస్తుంటే 'తిండి మీద ఇష్టం పుట్టింది' అని ఇంట్లోవాళ్ళు సంబరపడతారు. తొందరపడకండి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులను వాళ్ళ ఒప్పుకోలుతోనే ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి గమనించారు. వాళ్ళలో కొందరు వంట పుస్తకాలు ముందేసుకుని చదివారు, వంటకాల వివరాలు సేకరించారు. అది ఆకలి చేయించే పని.

ఆ గంట గడపడం

తిన్న పది నిమిషాల్లోపే మొదలుపెట్టండి. పెద్దవాళ్ళు బిగ్గరగా చదవాలి, పిల్ల వింటే చాలు. 30 నుంచి 45 నిమిషాలు. మధ్యలో లేస్తానంటే పోట్లాడకుండా 'ఈ పేజీ అయ్యాక చూద్దాం నాన్నా' అనండి. ఎలా తిన్నావు, ఎంత తిన్నావు అన్న ఊసే ఎత్తకండి. కూర్చునే చదవాలి, వినాలి. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ చదవడం మన ఇళ్ళలో పాత అలవాటు, పరీక్షల ముందు అయితే మెచ్చుకుంటాం కూడా. ఈ జబ్బులో మాత్రం అది వ్యాయామానికి ముసుగు కావచ్చు. అలాగే భోజనం మధ్యలో పుస్తకం తెరవనివ్వకండి. పేజీల చాటున ముద్దలు మాయమవుతాయి.

రాయించడం

భోజనానికి ముందు వద్దు, పడుకోబోయే ముందు వద్దు. మనసులో మాట రాస్తే ఆ కాసేపు ఇంకా బరువెక్కడం మామూలే, కాబట్టి రాసిన తర్వాత పక్కన మనిషి ఉండే సాయంత్రం వేళ మంచిది. 10 నిమిషాలతో మొదలుపెట్టి, 15-20 నిమిషాలకు మించనివ్వకండి.

కొత్త నోట్‌బుక్ కొనకండి. ఈ పిల్లల్లో చాలామందికి ప్రతిదీ తప్పు లేకుండా ఉండాలన్న పట్టుదల. మొదటి పేజీలో ఒక అక్షరం వంకరపోతే చింపేస్తారు, నాలుగుసార్లు తిరగరాస్తారు. ఒకవైపు అచ్చయిన పాత జిరాక్స్ కాగితాలు, ఒక బాల్‌పెన్ను చాలు. కొట్టివేతలు ఉండాల్సిందే. అంకెలు ఉండకూడదు. డైరీ అని ఇస్తే నెలలోపే తిన్నవాటి లెక్కల పద్దుగా మారిపోయే ప్రమాదముంది.

మొదటి వారాల్లో ఒంటి గురించి అసలు అడగవద్దు. 'మన వీధి కుక్క ఈ రోజు ఏం చూసింది?' 'కరెంటు పోయిన రాత్రి అమ్మమ్మ ఏం మాట్లాడింది?' 'బస్సులో పక్క సీటు ఆవిడ సంచిలో ఏముండొచ్చు?' ఇలాంటివి. చూపు అద్దం మీంచి కిటికీ వైపు తిరగాలి.

కాస్త నిలదొక్కుకున్నాక, కౌన్సెలర్‌తో మాట్లాడి, జబ్బుకు రెండు ఉత్తరాలు రాయించవచ్చు. లండన్‌లోని మాడ్స్‌లీ మానసిక ఆసుపత్రి వైద్యులు వాడిన పద్ధతి ఇది. ఒకటి జబ్బును స్నేహితురాలు అనుకుని, రెండోది శత్రువు అనుకుని. మొదటి ఉత్తరం చదివితే తల్లిదండ్రుల గుండె చివుక్కుమంటుంది, ఎందుకంటే అందులో కృతజ్ఞత ఉంటుంది: 'నువ్వున్నావనే పరీక్షల భయం తెలియలేదు' అని. కంగారుపడకండి, జబ్బు ఏ ఖాళీని పూడ్చిందో తెలిసేది అక్కడే. మొదటిది రాయించి రెండోది వదిలేస్తేనే ప్రమాదం. రెండూ అదే వారంలో అవ్వాలి.

కవిత్వంతో ఇంకో చిక్కుంది. 'మబ్బులా తేలికైపోతున్నా' అని పిల్ల రాసిందనుకోండి. వాక్యం బాగుంది. 'ఎంత బాగా రాశావే' అంటే ఆకలికి దండ వేసినట్టే. తిట్టినా లాభం లేదు. 'ఆ మబ్బు ఏ ఊరి మీద ఉంది? కింద ఎవరున్నారు? చలేస్తోందా?' అని అడగండి. తర్వాతి వాక్యంలో చేతులు చల్లబడటం, జుట్టు ఊడటం, స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్ళలేకపోవడం రావచ్చు, రాకపోనూ వచ్చు. రాకపోతే లాగకండి.

రాసింది ఎవరు చదవాలన్నది మొదటిరోజే తేల్చుకోవాలి: 'నువ్వు చూపిస్తేనే చూస్తాను. నీ ప్రాణానికి ముప్పు అనిపించే మాట ఉంటే మాత్రం డాక్టరుగారికి చెప్తాను, నీకు చెప్పే చెప్తాను.' దొంగచాటుగా ఒక్కసారి చదివినా ఆ తర్వాత వచ్చేవన్నీ మీకోసం రాసిన అబద్ధాలే. పెళ్ళికొచ్చిన బంధువుల ముందు 'మా అమ్మాయి కవితలు రాస్తుంది' అని చదివించడమూ వద్దు. వాళ్ళ నోట వచ్చే తొలిమాట 'కాస్త ఒళ్ళు చేశావే' అయితే నెలల శ్రమ ఆ రాత్రే పోతుంది.

కాలేజీలోనో లైబ్రరీలోనో బృందంగా చేస్తే నలుగురైదుగురు చాలు, అందులో ఒకరు శిక్షణ ఉన్న కౌన్సెలర్ అయి ఉండాలి. పోలికలు అంటుకుంటాయి కాబట్టి అంకెలు, ఉపాయాలు, ఆసుపత్రి అనుభవాల పోటీ మొదలైతే ఆ కాగితం అక్కడే ఆపించి, విడిగా మాట్లాడాలి.

వారం పొడుగునా రాసిన తర్వాత భోజనం తగ్గుతుంటే, అద్దం ముందు నిలబడే సేపు పెరుగుతుంటే రాత ఆపేసి, చదివి వినిపించడం ఒక్కటే ఉంచండి. సంగతి కౌన్సెలర్‌కు చెప్పండి. పిల్ల తనంతట తాను 'ఈ రోజు కథ వద్దు, క్యారమ్స్ ఆడదాం' అంటే పుస్తకం మూసేసి బోర్డు తీయండి. కూర్చునే ఆడాలి, ఆ గంట మాత్రం ఒంటరిగా వదలకూడదు.