బిల్డ్ పచ్చగానే ఉంది, కానీ స్క్రిప్ట్ సరిగ్గా నడిచిందా?

బిల్డ్‌లో, అంటే కోడ్‌ని తయారు చేసి టెస్ట్ చేసే ఆటోమేటిక్ పనిలో, స్క్రిప్ట్ (కమాండ్ల వరస) నడిపే టాస్క్ పెట్టడం చూడ్డానికి చాలా చిన్న పని. బిల్డ్‌లు నడిపే సిస్టమ్‌లు, జెంకిన్స్ అయినా, బాంబూ అయినా, గిట్‌హబ్ యాక్షన్స్ అయినా, కమాండ్లు రాసుకోవడానికి కాస్త చోటిస్తాయి. అందులో నాలుగు లైన్లు పడేసి రన్ నొక్కితే పచ్చ టిక్ వస్తుంది. మా టీమ్‌లో బిల్డ్‌లు చూసేది నేనే కాబట్టి ఆ పచ్చ టిక్‌ని అంత తేలిగ్గా నమ్మను. ఎర్రగా ఆగిపోయిన బిల్డ్‌తో నాకు పేచీ లేదు, ఎక్కడ ఆగిందో లాగ్ చెబుతుంది. లోపల టెస్టులు ఫెయిలైనా పైకి పచ్చగా కనిపించే బిల్డ్‌తోనే టెన్షన్.

మొదటి సంగతి, స్క్రిప్ట్‌ని టాస్క్ సెట్టింగుల్లో రాయకండి. ఫైలుగా రాసి, కోడ్ ఉన్న రిపోజిటరీలోనే పెట్టండి. టాస్క్‌లో ఆ ఫైలుని పిలిచే ఒక్క లైను ఉంటే చాలు. అలాగైతే అదే ఫైలుని మీ మెషీన్‌లో నడిపి చూసుకోవచ్చు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, పాత రిలీజ్ బ్రాంచ్‌ని (అప్పటి కోడ్ కాపీని) మళ్లీ బిల్డ్ చేయాల్సి వస్తే దానితోపాటు అప్పటి స్క్రిప్టే నడుస్తుంది. సెట్టింగుల్లో రాసిన స్క్రిప్ట్‌కి ఈ సౌకర్యం లేదు, నిన్న మార్చింది ఏడాది కిందటి కోడ్ మీద కూడా నడుస్తుంది.

ఫైలు మొదటి లైన్లో ఏ షెల్ (కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్) కావాలో రాయండి. డెబియన్, ఉబుంటు లైనక్స్‌లలో 'ఎస్‌హెచ్' అంటే బాష్ అనే షెల్ కాదు, డ్యాష్ అనే ఇంకో షెల్. బాష్‌కి మాత్రమే తెలిసిన జంట స్క్వేర్ బ్రాకెట్లు వాడితే అక్కడ ఎర్రర్ వస్తుంది. ఫైలు విండోస్ మెషీన్ నుంచి కమిట్ అయితే ఇంకో రెండు తలనొప్పులు. ఒకటి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండదు, ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు కమాండ్ ఇచ్చే నంబరు) 126తో ఆగుతుంది. రెండోది, లైను చివర కంటికి కనబడని క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు చేరి, ఫైలు కళ్లెదుటే ఉన్నా 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటుంది. గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్లో షెల్ స్క్రిప్టులకి లైన్ ఎండింగ్ ఎల్‌ఎఫ్ (లైనక్స్ వాడేది) అని రాసేస్తే రెండోదాని పీడ వదులుతుంది.

ఇక అసలు విషయం. మీ స్క్రిప్ట్ లోపల ఏం జరిగిందో బిల్డ్ సిస్టమ్‌కి అక్కర్లేదు. చివర్లో వచ్చే ఎగ్జిట్ కోడ్ సున్నా అయితే పాస్, ఇంకేదైనా ఫెయిల్. బాష్ ఏమో మధ్యలో ఒక కమాండ్ ఫెయిలైనా పట్టించుకోకుండా తర్వాతి లైనుకి పోతుంది. చివరి లైను 'పని అయిపోయింది' అని ప్రింట్ చేసే ఎకో అయితే, అది ఎప్పుడూ పాసే, బిల్డ్ కూడా పాసే.

అందుకే ఫైలు రెండో లైన్లో 'సెట్' కమాండ్‌కి 'ఈ' (e), 'యూ' (u), 'పైప్‌ఫెయిల్' అనే మూడు ఆప్షన్లూ ఇస్తాను. 'ఈ' ఇస్తే ఫెయిలైన చోటే స్క్రిప్ట్ ఆగుతుంది. 'యూ' ఇస్తే విలువ ఇవ్వని వేరియబుల్‌ని వాడగానే ఆగుతుంది. ఒక ఫోల్డర్ పేరున్న వేరియబుల్, దాని వెనకే ఒక స్లాష్, 'అన్నీ' అని చెప్పే ఒక స్టార్ పెట్టి డిలీట్ కమాండ్ రాశారనుకోండి. ఆ వేరియబుల్‌కి విలువే ఇవ్వకపోతే మిగిలేది స్లాష్, స్టార్ మాత్రమే, బిల్డ్ నడిచే మెషీన్ (ఏజెంట్) మొత్తానికే ఎసరు.

పైప్‌ఫెయిల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. టెస్టుల అవుట్‌పుట్ లాగ్‌లోనూ కనబడాలి, ఫైల్లోనూ ఉండాలని టెస్ట్ కమాండ్ పక్కన పైప్ (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి పంపే గుర్తు) పెట్టి 'టీ' రాస్తాం. పైప్ మొత్తానికి వచ్చే ఎగ్జిట్ కోడ్ చివరి కమాండ్‌ది. టెస్టులు ఫెయిలై ఎగ్జిట్ కోడ్ ఒకటి ఇచ్చినా, టీ తన పని తాను చేసుకుని సున్నా ఇస్తుంది. లాగ్ తెరిస్తే ఫెయిలైన టెస్టుల చిట్టా, పైన పచ్చ టిక్! పైప్‌ఫెయిల్ పెడితే ఇది జరగదు.

ఇవన్నీ బిల్డ్ సిస్టమే చూసుకుంటుందిలే అనుకోవద్దు. జెంకిన్స్ ఎస్‌హెచ్ స్టెప్‌లో 'ఈ' దానంతటదే ఉంటుంది, పైప్‌ఫెయిల్ ఉండదు. లైనక్స్ మీద గిట్‌హబ్ యాక్షన్స్‌లో షెల్ పేరు ఇవ్వకపోతే 'ఈ' ఒక్కటే ఉంటుంది. షెల్ బాష్ అని రాస్తేనే పైప్‌ఫెయిల్ కలుస్తుంది. పైగా అవేవీ మీరు పిలిచే ఫైలు లోపలికి రావు, దానికది వేరే ప్రాసెస్. అందుకే ఫైల్లోనే రాయమనేది. 'ఈ'కి కూడా లొసుగులున్నాయి. ఇఫ్ కండిషన్‌లో ఉన్న కమాండ్ ఫెయిలైతే ఆగదు. ఫంక్షన్‌లో 'లోకల్' అని రాసి అదే లైన్లో కమాండ్ ఫలితాన్ని పెట్టినా ఆగదు, లోకల్ తన సున్నాతో దాన్ని కప్పేస్తుంది. రెండు లైన్లుగా విడగొట్టండి.

ఒక టాస్క్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్ తర్వాతి టాస్క్‌కి అందదు. మారిన ఫోల్డర్ కూడా అంతే. అందించాలంటే ఫైల్లో రాసి అక్కడ చదవాలి, లేదా సిస్టమ్ ఇచ్చిన దారి వాడాలి.

పాస్‌వర్డ్‌లు, టోకెన్‌లు సిస్టమ్‌లోని సీక్రెట్స్‌లో పెట్టి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా తీసుకోండి. లాగ్‌లో వాటిని స్టార్ గుర్తులతో కప్పేస్తుంది కదా అని ధైర్యపడొద్దు. అదే టోకెన్‌ని వేరే రూపంలోకి మార్చి ప్రింట్ చేస్తే కప్పకపోవచ్చు. జెంకిన్స్‌లో అయితే స్క్రిప్ట్‌ని సింగిల్ కోట్స్‌లోనే రాయండి. డబుల్ కోట్స్ అయితే, జెంకిన్స్ పైప్‌లైన్ రాసే భాష గ్రూవీయే సీక్రెట్ విలువని కమాండ్‌లో అతికించి పంపుతుంది.

విండోస్ ఏజెంట్ మీద బ్యాచ్ ఫైలు రాసేవాళ్లకి ఒక్క మాట. ఎన్‌పీఎం, మేవెన్ లాంటి బిల్డ్ టూల్స్ అక్కడ సీఎండీ ఫైళ్లు, అంటే అవీ బ్యాచ్ ఫైళ్లే. ముందు 'కాల్' పెట్టకుండా పిలిస్తే కంట్రోల్ వెనక్కి రాదు, కింది లైన్లు నడవకుండానే స్క్రిప్ట్ ముగుస్తుంది. ఎర్రర్ కూడా ఉండదు!

టైమౌట్ (ఎంతసేపు నడవనివ్వాలనే గడువు) మీరే పెట్టండి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో జాబ్‌కి డిఫాల్ట్ 360 నిమిషాలు. జవాబు కోసం కీబోర్డ్ వైపు చూస్తూ కూర్చున్న కమాండ్ ఒక్కటి చాలు అవన్నీ మింగేయడానికి. తాత్కాలిక ఫైళ్లు తుడిచే పని 'ట్రాప్' కమాండ్‌తో ఎగ్జిట్‌కి కట్టేస్తే, స్క్రిప్ట్ మధ్యలో ఆగినా అది జరుగుతుంది.

అన్నీ అయ్యాక వేరే బ్రాంచ్‌లో ఒక టెస్ట్‌ని కావాలని చెడగొట్టి పుష్ చేయండి. బిల్డ్ ఎర్రగా మారిందా, సరైన లైన్ దగ్గరే ఆగిందా, ట్రాప్ తన పని చేసిందా చూసుకుని, అప్పుడు మెయిన్‌లో కలపండి.