గల్ఫ్‌లో ఉద్యోగం వచ్చిన గే పురుషుడు వెళ్లాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలి?

కువైట్‌లోనో దుబాయిలోనో ఉద్యోగం అనేది జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమ ఇళ్లలో కొత్త మాట కాదు. జీతం ఎంత, గదిలో ఎందరుంటారు, సెలవు ఎప్పుడిస్తారు వంటివి అక్కడ పనిచేస్తున్న ఏ బంధువును అడిగినా చెబుతాడు. పురుషుల పట్ల ఆకర్షణ గల పురుషుడికి మాత్రం ఆ బంధువును అడగలేని ప్రశ్నలు మరికొన్ని ఉంటాయి. వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో సాగే స్వలింగ సంబంధాలు నేరం కాదని 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే సంబంధం గల్ఫ్‌లోని చాలా దేశాల్లో జైలుకు దారితీస్తుంది. చట్టంలో రాసిన శిక్ష కన్నా, మీ గది, మీ ఫోను, మీ తిరుగు ప్రయాణం ఎవరి చేతిలో ఉంటాయన్నదే ఈ నిర్ణయంలో ఎక్కువ బరువు తూగాలని నా అభిప్రాయం. కింది మెట్లను ఆ దృష్టితోనే చదవండి.

1. ఏ దేశమో చూసి, అక్కడి చట్టాన్ని విడిగా తెలుసుకోండి

గల్ఫ్ దేశాలన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. కువైట్‌లో 1960 నాటి శిక్షాస్మృతి ప్రకారం 21 ఏళ్లు నిండిన పురుషులు సమ్మతితో కలిసినా ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఖతార్‌లో 2004 నాటి చట్టం కింద కూడా ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఒమన్ 2018లో తెచ్చిన శిక్షాస్మృతి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు అంటుంది. సౌదీ అరేబియాలో న్యాయమూర్తులు షరియాను అన్వయించి శిక్ష నిర్ణయిస్తారు, అది మరణశిక్ష వరకూ వెళ్లే అవకాశం ఉంది. బహ్రెయిన్‌లో 1976 నుంచి సమ్మతితో కూడిన సంబంధం నేరుగా నేరం కాకపోయినా, బహిరంగ నైతికత పేరిట కేసు పెట్టే వీలుంది. దుబాయి ఉన్న ఎమిరేట్స్‌లో (యూఏఈ) వివాహేతర సంబంధంపై జీవిత భాగస్వామి లేదా సంరక్షకుడు ఫిర్యాదు చేస్తేనే కేసు అని 2021 చట్టం చెబుతోంది గాని, ఆ సడలింపు స్వలింగ సంబంధాలకూ వర్తిస్తుందని ధీమాగా ఉండటం ప్రమాదకరం.

చేతిలో ఉన్న వృత్తి ఇతర దేశాల్లోనూ చెల్లేదైతే ఆ దారి కూడా చూడండి. మలేషియాలో ఇరవై ఏళ్ల వరకు జైలు, బెత్తం దెబ్బలు ఉండగా, దాని పక్కనే ఉన్న సింగపూరు పురుషుల మధ్య సంబంధాన్ని నేరంగా చూసిన 377ఎ సెక్షనును 2022 నవంబరులో పార్లమెంటు ద్వారా రద్దు చేసింది.

2. ఎక్కడ నిద్రపోతారో ముందే అడగండి

ఉద్యోగ ఒప్పందంలో జనం తేలిగ్గా దాటేసే మాట 'వసతి కంపెనీదే' అన్నది. మనకు అదే అసలైన మాట. జీతం నుంచి సొంత ఫ్లాటు అద్దెకు తీసుకోగల ఇంజనీరుకు తలుపు వేసుకునే హక్కు ఉంటుంది. క్యాంపులో ఆరేడుగురితో గది పంచుకునే కార్మికుడికి ఫోను మాట్లాడటానికి కూడా మూల దొరకదు. ఆ గదిలో ఉండేవారు తరచుగా మన జిల్లావారే కావడం వల్ల అక్కడ పుట్టిన అనుమానం వారంలో ఊరికి చేరుతుంది. బెదిరించి డబ్బు గుంజేవాడు కూడా తెలిసినవాడే కావచ్చు, అటువంటప్పుడు పోలీసుల దగ్గరికి వెళితే ఫిర్యాదు చేసినవాడే ముద్దాయి అయ్యే ప్రమాదం ఉంటుంది. కాబట్టి గదిలో ఎందరు ఉంటారో, వసతికి బదులుగా అద్దె భత్యం ఇస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. భత్యం ఇవ్వరు, గది పంచుకోక తప్పదు అని తేలితే, నేనైతే ఆ ఉద్యోగాన్ని సగం వద్దన్నట్టే లెక్కిస్తాను.

3. ఫోనును వెళ్లేముందే శుభ్రం చేయండి

ఇటువంటి కేసుల్లో పోలీసులకు సాక్ష్యం ఎక్కువగా ఫోనులోనే దొరుకుతుంది. ఖతార్‌లో భద్రతా సిబ్బంది కొందరిని అకారణంగా పట్టుకుని, ఫోన్లు బలవంతంగా తెరిపించి, కొట్టారని 2022 అక్టోబరులో మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ వెల్లడించింది. ఈజిప్టులో పోలీసులే డేటింగ్ యాప్‌లలో స్నేహితుల్లా మాట కలిపి, కలుసుకోవడానికి వచ్చినవారిని అరెస్టు చేసిన సందర్భాలు నమోదయ్యాయి. సౌదీలో 2007 నాటి సైబరు నేరాల చట్టం ప్రకారం బహిరంగ నైతికతకు విరుద్ధమైన విషయాన్ని తయారుచేసినా, పంపినా ఐదేళ్ల వరకు జైలు, 30 లక్షల రియాళ్ల వరకు జరిమానా పడవచ్చు. ఇంటర్నెట్‌లో మన జాడను దాచే వీపీఎన్ పెట్టుకుంటే చాలని మిత్రులు చెబుతారు. నేరం చేయడానికో, దాన్ని దాచడానికో వీపీఎన్ వాడితే ఎమిరేట్స్‌లో 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా ఉందని వారికి తెలియకపోవచ్చు.

యాప్‌ను ఫోను నుంచి తీసేసినంత మాత్రాన సరిపోదు, అందులోని ఖాతాను కూడా తొలగించాలి. వాట్సాప్ బ్యాకప్‌లో, గూగుల్ ఫోటోల్లో ఏముందో చూడాలి. హైదరాబాదు ప్రైడ్ నడకలో స్నేహితులు తీసి మీ పేరు జతచేసిన ఫోటోలను తీసేయమని కోరాలి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లోగాని, క్యాంపు వైఫైలోగాని సొంత విషయాలు ముట్టుకోకూడదు. ఇన్నేళ్లు ఇలా బతకగలనా అన్న ప్రశ్న ఇక్కడే ఎదురవుతుంది, దానికి నిజాయితీగా జవాబు చెప్పుకోండి.

4. మెడికల్‌కు ముందు సొంతంగా పరీక్ష చేయించుకోండి

గల్ఫ్ మెడికల్‌లో, అంటే వెళ్లేముందు చేసే వైద్య పరీక్షలో, హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. పాజిటివ్ వస్తే అన్‌ఫిట్ అంటారు. అక్కడ నివాస అనుమతి కోసం చేసే పరీక్షలో బయటపడితే దేశం నుంచి పంపేస్తారు. అందుకే ఏజెంటుకు డబ్బు కట్టకముందే ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష) కేంద్రంలో ఉచితంగా పరీక్ష చేయించుకోండి, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని మన దేశపు 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది.

5. తిరిగి రావడానికి ఎంతవుతుందో లెక్క కట్టండి

ప్రమాదం వాసన రాగానే విమానం ఎక్కగలిగినవాడి పరిస్థితి వేరు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరేదాకా కదలలేనివాడి పరిస్థితి వేరు. లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలన్నది నిబంధన, ఆచరణలో లక్షలు గుంజుతారు. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు లైసెన్సును సరిచూసుకోండి. తెలంగాణవారైతే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా ఉద్యోగాలు ఉన్నాయేమో చూడండి. తిరుగు టికెట్టు, మూడు నెలల వాయిదాలు కట్టేంత డబ్బు మీ పేరిట వేరే ఖాతాలో ఉంచే స్తోమత కలిగేదాకా ప్రయాణాన్ని ఆపడం మంచిది.

పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవడం ఖతార్‌లో చట్టవిరుద్ధమే అయినా కొందరు ఉంచుకుంటూనే ఉంటారు. సౌదీలో 2021 మార్చి సంస్కరణలతో ప్రైవేటు రంగ ఉద్యోగులు యజమాని అనుమతి లేకుండా దేశం విడిచే వీలు కలిగింది, కాని ఇళ్లలో పనిచేసేవారిని, ఇంటి డ్రైవర్లను ఆ సడలింపు నుంచి మినహాయించారు. మీ వీసా ఏ తరగతిదో ఒప్పందంలోనే చూసుకోండి.

6. ఎందుకు వెళ్తున్నారో తేల్చుకోండి

పెళ్లి ఒత్తిడి నుంచి తప్పించుకోవడానికి వెళ్లేవారు కొందరుంటారు. రెండేళ్లకు సెలవు మీద దిగేసరికి ఇంట్లో పెళ్లిచూపులు సిద్ధంగా ఉంటాయి. గల్ఫ్ జీతం సంబంధాల బజారులో అబ్బాయి ధర పెంచుతుందేగాని తగ్గించదు. ఆ గొడవకు దూరం కావాలనుకుంటే బెంగళూరులోనో పుణేలోనో ఉద్యోగం కూడా ఆ పని చేస్తుంది, పైగా జైలు భయం ఉండదు. ఇక్కడ సహచరుడు ఉన్నవారు ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోవాలి. స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వడానికి 2023 అక్టోబరులో మన సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆ దేశాల్లో కూడా గుర్తింపు లేదు కనుక, అతడిని కుటుంబ వీసాపై తీసుకెళ్లే మార్గం లేదు.

7. ఒప్పుకుంటే, వెళ్లేముందు ఒకరికి అన్నీ చెప్పి ఉంచండి

మీ సంగతి తెలిసి, నోరు జారని ఒక మనిషి దగ్గర పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు, భారత రాయబార కార్యాలయం సహాయ నంబరు ఉండాలి. ఒక నిర్ణీత వ్యవధి దాటినా మీ ఫోను రాకపోతే ఎవరిని సంప్రదించాలో, మీ ఇంట్లో ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో అతడితో ముందే అనుకోండి. ఎప్పుడైనా అరెస్టయితే రాయబార కార్యాలయానికి తెలియజేయమని కోరే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ఇస్తుంది. కోరితే తప్ప వారు తెలియజేయకపోవచ్చు కనుక అడగాలి, అనువాదకుడు వచ్చేదాకా మీకు చదవడం రాని అరబ్బీ కాగితంపై సంతకం పెట్టకూడదు.