ఇంటిపేరు మూలాలు వెతకాలంటే దరఖాస్తు ఎక్కడ పెట్టాలి? (నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి)

"మామయ్యా, ఇక్కడ 1950 జనాభా లెక్కలు పేర్లతో సహా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మన తాతలవి అలా దొరకవా?" అని అమెరికా నుంచి మా మేనల్లుడు అడిగాడు. దొరకవు. అక్కడ 72 ఏళ్లు దాటితే బయటపెడతారు. మన దగ్గర 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి వివరాలు చూసే హక్కు ఎవరికీ లేదు. ఊరి మొత్తం లెక్కలే అచ్చవుతాయి. కాబట్టి జనాభా లెక్కల వివరాల కోసం అర్జీ పెట్టి రోజులు పోగొట్టుకోవద్దు. మన పెద్దల పేర్లు భూమి కాగితాల్లో ఉన్నాయి.

ముందు ఇంట్లో పాత దస్తావేజు ఉందేమో ట్రంకుపెట్టె అడుగున చూడండి. లేకపోతే మీ ఊరు ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు కిందికి వస్తుందో కనుక్కుని, అక్కడ పేర్ల ఇండెక్స్ వెతకడానికి, నకలు ఇవ్వడానికి దరఖాస్తు పెట్టండి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది, అంతకుముందువి చేత్తో వెతకాల్సిందే. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకం నకలు ఫీజు కడితే ఎవరైనా తీసుకోవచ్చు.

నకలు చేతికొచ్చాక అమ్మినవారు, కొన్నవారితో ఆగిపోకండి. చెక్కుబందీ, అంటే పొలం నాలుగు హద్దుల వివరం, చదవండి. మా తాత కొన్న మాగాణి కాగితంలో తూర్పు హద్దు, ఉత్తరం హద్దు రెండూ మా ఇంటిపేరు వాళ్లవే. ఉమ్మడి పొలం పంచుకున్న దాయాదుల చేలు పక్కపక్కనే ఉంటాయి కదా! మాకు తెలియని ఒక శాఖ ఆ రెండు పంక్తుల్లో బయటపడింది. నాకైతే కళ్లు చెమర్చాయి.

సర్వే నంబరు తెలిశాక తహసీల్దార్ ఆఫీసులో సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. తెల్లకార్డు ఉంటే ఫీజు లేదు, కార్డు జిరాక్స్ జత చేయాలి. "మా వంశ చరిత్ర తెలపండి" అని రాస్తే జవాబు రాదు. ఇలా రాయండి: "ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానాకు సంబంధించి ఆర్‌ఎస్‌ఆర్ లేదా సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో పట్టాదారు పేరున్న పేజీ నకలు ఇప్పించగలరు." (ఈ రెండూ ఏ సర్వే నంబరు భూమి ఎవరిదో రాసిన పాత రెవెన్యూ రిజిస్టర్లు.) ఇనాం భూమి (పూర్వం పాలకులు దానంగా ఇచ్చినది) అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అడగండి, అది 1860ల దాకా తీసుకెళ్తుంది. వెంకటగిరి లాంటి జమీందారీ గ్రామాలైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతి సెటిల్‌మెంట్ రికార్డు అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

జిల్లా విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకుముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులో, ఒంగోలు గుంటూరులో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో ఉండేవి. ఒంగోలు కూడా 1904 దాకా నెల్లూరుదే. జిల్లా స్థాయి పాత రికార్డు కావాలంటే అర్జీలో అప్పటి జిల్లా, తాలూకా పేర్లు రాయండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటివి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడికి వెళ్లేటప్పుడు ఊరి పేరుతో పాటు తాలూకా పేరు కూడా ఇంగ్లీషు స్పెల్లింగులో రెండు మూడు రకాలుగా రాసుకుని వెళ్లండి.