పాలపిట్ట బొమ్మలో రంగులు బురద కాకుండా

వాటర్ కలర్‌తో పిట్టను వదులుగా, గీతల్లేకుండా వేద్దామంటే రంగులన్నీ కలిసిపోయి బూడిద రంగు ముద్ద మిగులుతుంది. పాలపిట్టకైతే మరీనూ, నీలం పక్కనే గోధుమ రంగు కదా. మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా కాగితం మీద పూసే ద్రవం) కొనక్కర్లేదు, మామూలు నీళ్లు చాలు.

పెన్సిల్‌తో పిట్ట ఆకారం లేతగా గీసి, 8 నంబర్ రౌండ్ బ్రష్‌తో ఒంటి లోపల మాత్రమే నీళ్లు పూయండి. ముక్కు, కన్ను పొడిగా వదిలేయండి. రెక్కకీ వీపుకీ మధ్య కూడా వెంట్రుకంత పొడి గీత ఉంచాలి. తడి ఆరని చోట రంగు పాకుతుంది, పొడి చోట ఆగిపోతుంది, కిటుకంతా అంతే. రెక్కలో అల్ట్రామెరీన్ (నీలం), వీపు మీద బర్న్ట్ సియెన్నా (ఎరుపు కలిసిన గోధుమ రంగు) చుక్కలుగా వదిలి, కాగితాన్ని తోక వైపు కాస్త వంచండి. ఇక బ్రష్ ముట్టుకోకండి (ఇదే కష్టం, చెయ్యి ఆగదు). భుజం దగ్గర ఒక్కచోట రెండు రంగులూ తాకితే బాగుంటుంది, అంతకు మించి వద్దు.

ఆరిందో లేదో తెలియాలంటే కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూడండి, ఆరితే మెరుపు పోయి మసకగా కనిపిస్తుంది. పూర్తిగా ఆరాక ముక్కు, కన్ను చిక్కటి రంగుతో వేయండి. కంట్లో చిన్న తెల్ల చుక్క వదలడం మర్చిపోవద్దు.

స్కూలు డ్రాయింగ్ షీటు మీద మాత్రం ఇది పనిచేయదు. కాగితం ఉబ్బి నీళ్లన్నీ గుంటల్లోకి చేరతాయి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితం కావాలి. ఫ్యాన్ కింద కూర్చుంటే రంగు పాకేలోపే ఆరిపోతుంది, కట్టేసుకోండి.