కార్బన్ బాణానికి దెబ్బ తగిలితే: బాగుచేయాలా, పారేయాలా?

దసరా దాటి నేల ఆరితే మా పర్లాకిమిడి చుట్టుపక్కల మైదానాల్లో విలువిద్య సాధన మళ్లీ ఊపందుకుంటుంది. వానాకాలమంతా మూలన ఉన్న అమ్ములపొదిని తీసిన రోజే బాణం ఎక్కుపెట్టకండి. ఆ మొదటి సాయంత్రం బాణాలను పరీక్షించడానికే ఉంచండి.

ఇక్కడికి సవర పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో కొందరు తాతల చేతిలో వెదురు బాణం చూసి పెరిగినవారు. వంగిన వెదురును నిప్పుల సెగ చూపి తిన్నగా చేసుకోవచ్చు. ఆ అలవాటు కార్బన్ దగ్గర పనికిరాదు. కార్బన్ కాడ అంటే సన్నని పోగులను జిగురుతో బిగించిన బోలు గొట్టం. లోపల పోగులు తెగినా పైకి తిన్నగానే కనిపిస్తుంది. నారి వదలగానే వెనక నుంచి పడే తోపుకు ఏ బాణమైనా పాములా మెలికలు తిరుగుతుంది. దెబ్బతిన్న బాణం ఆ క్షణంలోనే ముక్కలయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు విల్లు పట్టిన చెయ్యి దాని పక్కనే ఉంటుంది. చీలికలు అరచేతిలోకో ముంజేతిలోకో దిగుతాయి.

పరీక్ష ఇలా చేయాలి. ముందు మంచి వెలుతురులో కాడను నెమ్మదిగా తిప్పుతూ గీతలు, నొక్కులు, పైకి లేచిన పోగులు ఉన్నాయేమో చూడండి. కొద్దిగా దూది చుట్టి జరిపితే కంటికి అందని పోగు కూడా దూదిని పట్టుకుంటుంది. వట్టి వేళ్లతో మాత్రం తడమకండి. తర్వాత రెండు చివరలు పట్టుకుని, ముఖానికీ పక్కవారికీ దూరంగా, ఒకటి రెండు అంగుళాలు వంచండి. కాడను కొంచెం కొంచెం తిప్పుతూ చుట్టూ నాలుగైదు సార్లు వంచాలి. చిటపటమన్నా, ఒక వైపు మెత్తగా లొంగినా ఆ బాణం పని అయిపోయినట్లే. చివరగా రెండు వైపులకూ మెలిపెట్టి చూడండి. సులువుగా తిరిగితే పోగులు విడిపోయినట్లే లెక్క. ఏటా ఒకసారి చేసి వదిలేసే పని కాదిది. రాయికో గోడకో తగిలిన బాణాన్ని, వెనక నుంచి మరో బాణం గుద్దినదాన్ని, గడ్డిలో ఎవరైనా తొక్కినదాన్ని అప్పటికప్పుడే ఇలా చూడాలి.

బాగుచేయదగినవి కొన్ని ఉన్నాయి. ఊడిన ఈకలు మళ్లీ అంటించుకోవచ్చు. నారిని పట్టుకునే ప్లాస్టిక్ నాక్‌లో వెంట్రుకంత పగులున్నా కొత్తది పెట్టండి. అది విరిగితే నారి ఖాళీగా కొట్టుకుని విల్లుకే దెబ్బ. వదులైన ములికిని వేడికి కరిగే జిగురుతో బిగించవచ్చు, కానీ వేడి ములికికే తగలాలి. కాడను మంటలో పెడితే పోగులను పట్టి ఉంచే జిగురు పాడవుతుంది.

ములికి దగ్గర చివర మాత్రమే చిట్లితే అంతవరకు కోసి వాడేవారున్నారు. శిక్షకుడు కొలత చూడకుండా ఆ పని చేయవద్దు. పొట్టిదైన బాణం గట్టిపడి గురి మారుతుంది. మరీ పొట్టిదైతే నారి లాగినప్పుడు విల్లుపై బాణాన్ని ఆనించే ఆనిక మీది నుంచి జారి చేతిలోకే దూసుకుపోగలదు. కోతకు వేగంగా తిరిగే రాపిడి చక్రమే వాడాలి, ముక్కుకు మాస్కు ఉండాలి.

కాడ మధ్యలో పగులు, నొక్కు, పొర లేవడం ఏది కనిపించినా మరమ్మతు ఆలోచనే వద్దు. ఫెవిక్విక్ పోస్తే పైన గీత మూసుకుంటుంది, తెగిన పోగులు అతకవు. టేపు చుడితే పగులు కనబడకుండా పోతుంది, అది ఇంకా ప్రమాదం. ఒక్కో బాణం ధర మన ఇళ్లలో లెక్కకు వచ్చేదేనని నాకు తెలుసు. పిల్లలు దెబ్బను దాచేది కూడా అందుకే. అందువల్ల విరిగిన బాణం తెచ్చి చూపించిన పిల్లవాడిని ఎవరూ కోప్పడకండి. అనుమానం ఉన్నదాన్ని ‘సాధనకు పనికొస్తుందిలే’ అని చిన్నవాళ్లకు ఇవ్వనూ వద్దు.

పారేసేదాన్ని మందపాటి గుడ్డలో చుట్టి రెండుగా విరిచి, చివరలకు టేపు వేసి పారేయండి. చెత్తలో తిన్నగా కనిపిస్తే ఇంకెవరో ఏరుకుని విల్లుకు ఎక్కిస్తారు. ఎవరికైనా చీలిక దిగితే ఇంట్లో సూదితో కెలకకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, గుచ్చుకున్నది కార్బన్ పోగు అని డాక్టరుకు ముందే చెప్పండి. అది ఎక్స్‌రేలో సరిగా కనిపించదు.