అక్వేరియం లీకేజీ, మూడో పాఠం: గీకడం, పూయడం

గత పాఠంలో ట్యాంకు నీళ్లు ఏ మట్టానికి దిగాక కారడం ఆగిందో చూసి, అక్కడ అద్దం మీద మార్కర్‌తో గీత పెట్టుకున్నాం. చేపలు ఇప్పుడు టబ్బులో, పాత నీళ్లలోనే, ఎయిర్ పంపుతో ఉండి ఉంటాయి. ఫిల్టర్ స్పాంజి కూడా ఆ నీళ్లలోనే వేయండి. అది ఎండితే అందులోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ఆ గీత దగ్గర పైపైన కాస్త సిలికాన్ (అద్దాలను అతికించే రబ్బరు లాంటి జిగురు) రాస్తే పోలా అనిపిస్తుంది. నేనూ మొదటిసారి అదే చేశాను. నాలుగో రోజు పొద్దున స్టాండు కింద పరిచిన పేపరు మళ్లీ తడిసింది. గట్టిపడిన పాత సిలికాన్‌కి కొత్తది సరిగ్గా అతుక్కోదు. బయట పూసినా లాభం లేదు, నీళ్లు లోపలి నుంచి దాన్ని నెట్టేస్తాయి. అందుకే ఒక్క చోటే కాకుండా లోపలి మూలల పూతంతా తీసేయాలి.

ట్యాంకులో సిలికాన్ రెండు చోట్ల ఉంటుంది. లోపలి మూలల్లో కనిపించే పూత ఒకటి, అద్దానికీ అద్దానికీ మధ్య ఉండే సన్నటి పొర ఇంకొకటి. ట్యాంకును పట్టి ఉంచేది ఈ పొరే, దాని జోలికి వెళ్లొద్దు. కట్టర్ బ్లేడును మొదట ఒక అద్దానికి ఆనించి, పడుకోబెట్టి ఒక కోత, పక్క అద్దానికి ఆనించి ఇంకో కోత పెట్టండి. పూత జంతిక పోగులా ఊడి వస్తుంది. కంటికి కనపడని పొర ఇంకా ఉంటుంది. గోరుతో గీస్తే నున్నగా జారాలి. రబ్బరులా పట్టేసిందంటే అక్కడ మళ్లీ గీకాలి. నాకు రెండడుగుల ట్యాంకుకి ఈ పనికే ఒక పూట పట్టింది. చివరికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. ఆ తర్వాత అక్కడ వేలు పెట్టొద్దు.

సిలికాన్ కొనేటప్పుడు అక్వేరియంకి పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉందో లేదో చూడండి. బాత్రూంలో వాడే, ఫంగస్ పట్టనివ్వని రకం వద్దు. అందులోని మందు చేపలకు విషం.

మూలకు రెండు పక్కలా అర సెంటీమీటరు వదిలి మాస్కింగ్ టేపు అంటించండి. ముందు నిలువు మూలలు, వెంటనే అడుగు మూలలు, చెయ్యి ఆపకుండా ఒకే ధారగా పూయాలి. తడి తడితో కలవాలి మరి. గ్లవ్ వేసుకున్న వేలితో ఒక్కసారే నున్నగా లాగి, టేపు వెంటనే తీసేయండి. నాలుగైదు నిమిషాలు దాటితే పైన పొర కట్టి, టేపుతో పాటు అంచు లేచిపోతుంది. ఫోన్ వచ్చినా ఎత్తకండి!

సిలికాన్ ఆరేటప్పుడు ఇల్లంతా వెనిగర్ వాసన వేస్తుంది, కిటికీలు తెరవండి. ఈ రకం గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి హెయిర్ డ్రైయర్ పెట్టినా తొందరగా ఆరదు. కనీసం 48 గంటలు ఆగాలి. నేనైతే వారం ఆగుతాను. 24x12x15 అంగుళాల ట్యాంకులో నింపితే దాదాపు 70 కిలోల నీళ్లుంటాయి, అందుకే తొందరపడొద్దు. ముక్కు మూలకు ఆనించి వాసన చూడండి, పులుపు ఇంకా తగులుతుంటే నీళ్లు పోయకండి. నింపి పరీక్షించడం వచ్చే పాఠంలో.